ప్రోగ్రాం రాయడం ఇంజినీరింగేనా?

ఇటుక, ఇనుము ముట్టని పని ఇంజినీరింగ్ ఎలా అవుతుందని కొందరి సందేహం. థెరాక్-25 ఉదంతం దీనికి సమాధానమిస్తుంది. అది క్యాన్సర్ రోగులకు రేడియేషన్ చికిత్స అందించే యంత్రం. పాత నమూనాలో ప్రమాదాన్ని అడ్డుకునేందుకు విడిగా రక్షణ పరికరాలుండేవి. కొత్తదానిలో వాటిని తొలగించి, ఆ బాధ్యతను సాఫ్ట్‌వేర్‌కే అప్పగించారు. 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో ఆరుగురు రోగులు మితిమీరిన రేడియేషన్‌కు గురయ్యారు. కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆపరేటరు వేగంగా చేసిన సవరణలను ప్రోగ్రాం గుర్తించలేకపోవడం అందుకొక కారణం. ఇదే లోపం పాత యంత్రంలోనూ ఉన్నట్లు తర్వాత తేలింది. అక్కడ రక్షణ పరికరాలే రోగులను కాపాడాయి.

వంతెన నిర్మించేవారు భారాన్ని లెక్కిస్తారు, పరీక్షిస్తారు, కూలితే జవాబు చెబుతారు. మనుషుల ప్రాణాలు ఆధారపడిన ప్రోగ్రాం రాసేవారూ ఇంతటి బాధ్యత వహించాలి. అలా వహించినవారు నిస్సందేహంగా ఇంజినీర్లే. పిల్లలను ఈ రంగంలోకి పంపే తల్లిదండ్రులు జీతంతోపాటు ఈ జవాబుదారీతనాన్నీ వారికి గుర్తుచేయాలి.