ప్లాస్టిక్కులో చిటికెడు దినుసు

అప్పడాలు ఒత్తేటప్పుడు పెద్దవాళ్ళు పీటకు కాస్త నూనె రాస్తారు, పొడిపిండి చల్లుతారు. లేకపోతే అప్పడాలు ఒకదానికొకటి అంటుకుని ముద్ద అవుతాయి. పలచని ప్లాస్టిక్ సంచులు చేసే కర్మాగారంలోనూ ఇదే చిక్కు ఉన్నది.

అక్కడ కరిగిన పాలిథీన్‌ను గుండ్రని సందుగుండా పైకి నెడుతూ, లోపలికి గాలి ఊదుతారు. అది పొడుగాటి బుడగలాగా ఉబ్బి, పైకి పోతూ చల్లారుతుంది. తరవాత దాన్ని రోలర్ల మధ్య అణచి, చాపలాగా చుడతారు. ఆ పొరలు అతుక్కుంటే సంచీ నోరు తెరుచుకోదు. అందుచేత ప్లాస్టిక్కు కరిగేటప్పుడే మెత్తని సిలికా పొడి కలుపుతారు. ఆ రేణువులు ఫిల్ము మీద కంటికి కనపడని బొడిపెలుగా లేచి, పొరలను ఎడంగా ఉంచుతాయి. ఇదీ పొడిపిండి!

మరి నూనె? ఆవనూనెలో ఉండే ఒక ఆమ్లం నుంచి ఎరూకమైడ్ అనే పదార్థం తయారు చేస్తారు. వెయ్యి కిలోల ప్లాస్టిక్కుకు ఇది సుమారు ఒక కిలో చాలు. వింత ఏమిటంటే, దీన్ని పైన పూయరు, లోపలే కలిపేస్తారు. ప్లాస్టిక్కు చల్లారాక అందులో ఇమడలేక, అదే మెల్లిగా పైకి వచ్చి జారుడు పొర కడుతుంది.

నురుగు ప్లాస్టిక్కు సంగతి వేరు. అక్కడ కావలసినవి బుడగలు. గోళీసోడాలో చిటికెడు ఉప్పు వేసి చూడండి (సీసా దగ్గర ముఖం పెట్టకండి సుమా!). ఒక్కసారిగా బుసబుస పొంగుతుంది. సోడాలో కరిగి ఉన్న వాయువు బుడగ కట్టటానికి ఏదైనా ఆసరా కావాలి. ఉప్పురేణువులు ఆ ఆసరా ఇస్తాయి. అలాగే కరిగిన ప్లాస్టిక్కులో ఒత్తిడితో వాయువును ఇమిడ్చి, కాస్త టాల్కు పొడి కలిపితే, ఒత్తిడి తగ్గగానే లెక్కలేనన్ని సన్నని బుడగలు పుడతాయి. ఆ పొడి లేకపోతే బుడగలు తక్కువగానూ, పెద్దవిగానూ వచ్చి, సరుకు మోటుగా ఉంటుంది.

ఇంతకూ ఏ వాయువు? చాలాకాలం సి.ఎఫ్.సి.లు అనేవి వాడారు. వీటికి నిప్పు అంటదు, విషమూ తక్కువే. ఫ్రిజ్‌లలోనూ ఇవే వాడేవారు. కాని 1974లో మోలినా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు ఒక సంగతి బయటపెట్టారు. ఇవి ఆకాశంలో చాలా ఎత్తుకు పోయి, సూర్యుడి అతినీలలోహిత కిరణాల నుంచి మనను కాపాడే ఓజోను పొరను తినివేయగలవన్నారు. 1985లో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు అంటార్కిటికా మీద ఆ పొర బాగా పలచబడిందని తెలిపారు. 1987లో మాంట్రియల్ నగరంలో దేశాలు ఒడంబడిక చేసుకుని, క్రమంగా సి.ఎఫ్.సి.లను మానివేశాయి.

ఇప్పుడు పెంటేన్, కార్బన్ డయాక్సైడ్ వంటివి వాడుతున్నారు. పెంటేన్ ఓజోనును ముట్టదుగాని, పెట్రోలులాగా భగ్గుమంటుంది. అందువల్ల అది వాడే కర్మాగారాలలో నిప్పురవ్వ పుట్టకుండా, గాలిలో అది ఎంత చేరిందో పరికరాలతో కనిపెడుతూ ఉంటారు.