పొగ మానితే ఒళ్లు వస్తుందా?

చుట్ట, బీడీ, సిగరెట్టు - ఏది అలవాటైనవారినైనా మానమని అడిగి చూడండి. "మానేస్తే ఒళ్లు వస్తుందండీ" అనే జవాబు తరచు వినవస్తుంది. బరంపురంలోనైనా, బళ్లారిలోనైనా, షోలాపూరులోనైనా, యానాంలోనైనా మన ఇళ్లలో ఈ మాట కొత్తది కాదు. ఇది వట్టి సాకని కొట్టిపారవేయడం న్యాయం కాదు. ఇందులో కొంత నిజమున్నది. ఆ నిజం ఏపాటిదో తెలిస్తే భయం తగ్గుతుంది గనుక, ఆ సంగతే ఇక్కడ ముచ్చటిస్తాము.

పొగాకులోని నికోటిన్ ఆకలిని అణచుతుంది. ఊరక కూర్చున్నప్పుడు సైతం దేహం ఖర్చుచేసే శక్తిని కొద్దిగా హెచ్చిస్తుంది. పొగ మానగానే ఈ రెండూ ఆగిపోతాయి. దానికి తోడు మొద్దుబారిన నాలుకకూ ముక్కుకూ మళ్లీ ప్రాణం వస్తుంది. నిన్నటిదాకా చప్పగా తోచిన పప్పుచారు నేడు ఘుమఘుమలాడుతుంది. చేతికీ నోటికీ పనిలేక మనిషి జంతికల డబ్బా వెదుకుతాడు. ఒళ్లు వచ్చేది ఇందువల్లనే.

ఎంత వస్తుంది? వైద్యులు అనేకమందిని పరిశీలించి కట్టిన లెక్క ప్రకారం మొదటి ఏడాదిలో సగటున 4 లేక 5 కిలోలు. అందులో ఎక్కువ భాగం మొదటి 3 నెలలలోనే. ఇది సగటు మాత్రమే. కొందరికి ఏమీ పెరగదు, కొందరు తగ్గుతారు కూడా. కొద్దిమందికి 10 కిలోలు దాటుతుంది. మరి లాభమో? పొగవల్ల అదనంగా వచ్చిపడిన గుండెజబ్బు ప్రమాదం ఏడాది తిరిగేసరికి సుమారు సగానికి దిగుతుంది. బిగుతైన దుస్తులను దర్జీ సరిచేయగలడు. పొగచూరిన ఊపిరితిత్తులను సరిచేయగల దర్జీ లేడు.

కనుక మొదట పొగ, తరువాతనే బరువు. రెండింటిమీదా ఒక్కసారే యుద్ధం ప్రకటించి ఉపవాసాలకు దిగకండి. కడుపు మాడితే పొగమీదికే మనసు పోతుంది. వేళకు తినండి. అన్నం ఒక గరిటె తగ్గించి, కూరా పప్పూ ఆ మేరకు పెంచండి. పొగకోసం నోరు పీకే బాధ సాధారణంగా కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కాస్సేపు గడపడానికి పల్చని మజ్జిగ, దోసకాయ ముక్కలు, జామకాయ, గుప్పెడు వేయించిన సెనగలు అందుబాటులో ఉంచండి.

కాఫీ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. పొగత్రాగేవారి ఒంట్లో కాఫీ సత్తువ త్వరగా కరిగిపోతుంది. పొగ మానితే అది ఎక్కువసేపు నిలుస్తుంది. కనుక పాత లెక్కన త్రాగితే గుండెదడ, నిద్రలేమి కలుగవచ్చు. దానిని పొగ మానిన బాధ అనుకుని మళ్లీ సిగరెట్టు వెలిగించేవారున్నారు. పైగా రోజుకు 4 కాఫీలు, ఒక్కొక్కదానికి 2 చిన్న చెంచాల పంచదార అయితే, పంచదారవల్లనే సుమారు 130 కెలోరీలు. అరగంట వడిగా నడిస్తే ఖర్చయ్యేది దాదాపు అంతే. కాఫీ సగం చేసి, సాయంత్రం అరగంట నడిస్తే రెండు విధాలా లాభమే. నడక పొగమీది యావనూ తగ్గిస్తుంది.

పొగకు బదులు జర్దా, గుట్కా, వక్కపొడి పట్టుకోవడం మాత్రం పెనం మీదనుంచి పొయ్యిలో పడడమే. వక్క ఒక్కటే అయినా నోటి కాన్సరుకు కారణం కాగలదు. మధుమేహం ఉన్నవారు పొగ మానే ముందే వైద్యునితో చెప్పి, ఆ నెలలలో చక్కెర తరచు పరీక్ష చేయించుకోవాలి. నికోటిన్ నమిలే బిళ్లలు పొగ మానడానికి తోడ్పడతాయి, బరువు పెరగడాన్ని కొంతకాలం వాయిదా వేస్తాయి. అవి వైద్యుని సలహాపై వాడాలి. 1800-11-2356 అనే ప్రభుత్వ ఉచిత టెలిఫోనులో కూడా సలహా దొరుకుతుంది.

ఇంటివారికి ఒక్క మనవి. పొగ మానిన మనిషిని "ఏమిటండోయ్, బొజ్జ వచ్చిందే!" అని పరిహాసమాడకండి. ఆ ఒక్క మాట చాలు, రెండు నెలల శ్రమ బూడిదలో కలవడానికి. ఆయన చిరాకుపడితే ఓర్చుకొని, సాయంత్రం నడకకు తోడు వెళ్లండి. ఏడాది గడవనివ్వండి. వచ్చిన ఆ నాలుగు కిలోలనూ అప్పుడు తీరికగా దింపుకోవచ్చు.