రాజుల కవచములు

కర్ణుని సహజకవచమును గూర్చి వినని యిల్లాలు మనలో నుండదు. అది పుట్టుకతో వచ్చినది. భూమి నేలిన రాజులకు మాత్రము కమ్మరి చేసి యిచ్చినదే కవచము. అట్టివానిని చూడవలయునను కుతూహలము మాకు కలిగించినది మా చిన్న ఆడపడుచు.

మేము తార్నాకలో కాపురముందుము. ఆమె మా యింటనే యుండి ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాలలో చరిత్ర చదువుచున్నది. 1939లో ప్రారంభోత్సవము జరిగిన ఆ రాతిభవనమునకు మా యింటినుండి నడచియే పోవచ్చును. ఈ యేటితో చదువు చాలించి, ఆ సొమ్ముతో పెండ్లికి బంగారము కొనవలయునని మా మామగారి పట్టు. ఈ తర్జనభర్జనల నడుమ నొక ఆదివారము ఆమె మమ్ము సాలార్జంగు ప్రదర్శనశాలకు తోడ్కొని పోయినది. 1951లో దివాన్ దేవిడీలో తెరువబడిన ఆ శాల 1968లో మూసీయొడ్డున నున్న యిప్పటి భవనమునకు మారినది.

అచ్చటి ఆయుధశాలలో ఇనుపజాలపు అంగీలు, శిరస్త్రాణములు, డాళ్లు చూచితిమి. కవచధారణ క్రమమును ఆమెయే వివరించినది. ఒంటికి తగులునది దూది కుట్టిన అంగీ. దానిపై ఉంగరము లల్లిన ఇనుపజాలము. ఆపైన రొమ్మునకు, వీపునకు, ఇరుప్రక్కలకు నాలుగు ఉక్కురేకులు. వీనికి పారసీకభాషలో ‘చార్ ఆయినా’, అనగా నాలుగద్దములు, అని పేరు. రాజుల రేకులపై ‘కోఫ్త్‌గరీ’ పని యుండును. ఉక్కుపై సన్నని గాట్లు అడ్డదిడ్డముగా గీసి, బంగారుతీగెను వానిలో పట్టునట్లు సుత్తితో కొట్టి, లతలు పూవులు తీర్చుదురు.

“ఈ బంగారము కత్తివేటు నాపునా?” అని మేమడిగితిమి.

“ఆపదు, వదినా! బంగారము మెత్తనిది. అది రాజుగారి హోదా తెలుపుటకు. ప్రాణము కాచునది అడుగునున్న ఉక్కే” అని యామె నవ్వినది.

ఆ ఉక్కునకు మన తెలుగునాడు పెట్టినది పేరు. నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రమను గ్రామమున, మూతవేసిన మట్టిమూసలలో ఇనుమును గంటల తరబడి కరగించి ఉక్కు చేసెడివారు. ఇనుమున బొగ్గుసారము తగుపాటిగా చేరిననే ఉక్కగును. దానికొరకు పారసీకమునుండి వర్తకులు ఆ పల్లెకే వచ్చెడివారు. డమాస్కసు కత్తులని లోకమున పేరొందినవానికి మూలము ఇట్టి మూస ఉక్కే.

మేము బంగారమును నిందింపము. పెండ్లిపీటలపై పిల్ల మెడ బోసిగా నుండవలెనని ఏ తల్లి కోరును? కాని, ఉక్కురేకు లేనిదే బంగారుతీగెను దేనిపై అతికింతురు? ఆడుపిల్లకు కష్టకాలమున నిలుచునది చదువని మాకు తోచినది. ఇల్లు చేరి మావారితో నీ మాట చెప్పితిమి. మా పుట్టింటివారు పెట్టిన రెండుపేటల గొలుసు తాకట్టుపెట్టి రుసుము కట్టితిమి. మామగారింకను సమ్మతింపలేదు. ఆమె మాత్రము తెల్లవారగనే పుస్తకములు చేతబట్టి కళాశాలకు పోవుచున్నది.