భయపెట్టిన మాటే... భుజం తట్టింది!

శుక్రవారం. మార్నింగ్ షో వదిలారు. థియేటర్ గేటు దగ్గర మైకులు రెడీ. 'సినిమా ఎలా ఉందన్నా?' అని అడగడమే తరువాయి, 'బ్లాక్‌బస్టర్!' అని అరుస్తాడొకడు. వెనకనుంచి ఇంకొకడు తోసుకొచ్చి, 'చంపేశాడంతే' అంటాడు. నిజానికి అక్కడ చచ్చిందెవరూ లేరు, బాంబూ పడలేదు. మెచ్చుకోవాలంటే మనకు ఈ చావులూ బాంబులే ఎందుకు గుర్తొస్తాయో!

బాంబు సంగతి ఊరికే అన్నది కాదు. 'బ్లాక్‌బస్టర్' అసలు అర్థం అదే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళం జర్మనీ నగరాల మీద 4,000 పౌన్ల బాంబులు వేసింది. అంటే ఒక్కోటీ దాదాపు 1,800 కిలోలు. నాలుగు వీధుల నడుమ ఉండే ఇళ్లన్నీ కలిపి ఒక బ్లాక్. ఒక్క బాంబుతో ఆ బ్లాకంతా నేలమట్టమైపోతుందని పత్రికలవాళ్లు దానికా పేరు పెట్టారు. ఆ బాంబులు ఇంకా పడుతూనే ఉన్నాయి... 1943లో హాలీవుడ్ సంస్థ ఆర్‌కేవో తన 'బాంబార్డియర్' సినిమా ప్రకటనలో ఆ మాటను వాడేసుకుంది! ఇళ్లు పోయినవాళ్ల కన్నీళ్లు ఆరకముందే ఆ పేరు టిక్కెట్లు అమ్మడం మొదలెట్టింది. 1975లో స్పీల్‌బర్గ్ 'జాస్' వసూళ్లు కురిపించాక ఇక దానికి తిరుగులేదు. ఇవాళ మన పోస్టర్ మీద ఆ మాట చూసి బాంబును తలచుకునేవారు ఎవరున్నారు?

భయం నుంచి మెప్పుకోలుగా మారిన మాట ఇదొక్కటే కాదు. 'టెర్రిఫిక్' అంటే మొదట్లో భయం పుట్టించేదనే అర్థం. 'ట్రెమెండస్' అంటే ఒణికించేది. 'ఆసమ్' కూడా ఇంతే. దేవుడి ముందో, పిడుగు ముందో నిలబడితే ఒళ్లు జలదరించే ఆ భయభక్తులే దాని మూలం. దాన్ని అమెరికా కుర్రకారు 1980ల్లో పిజ్జాకీ, బూట్లకీ తగిలించేశారు. చిత్రమేమిటంటే 'ఆఫుల్' దానికి తోబుట్టువే. ఒకే కడుపున పుట్టి ఒకటి మెచ్చుకోలైంది, ఇంకోటి తిట్టయింది.

మనమేమైనా తక్కువ తిన్నామా? 'భయంకరంగా నచ్చింది', 'ఘోరంగా నవ్వించాడు', 'అరాచకంరా బాబూ'. ఇవన్నీ పొగడ్తలే! కుమ్మేశాడు, చించేశాడు, ఇరగదీశాడు... వరసగా రాస్తే పోలీసు ఫిర్యాదులా ఉంటుంది. ఇంగ్లిషు నేర్పితే వచ్చినవి కావివి. మనిషి ఏ భాషవాడైనా, తన ఊహకు మించింది ఎదురైతే ముందు బెదురుతాడు, ఆ తర్వాతే చప్పట్లు కొడతాడు.

కాస్త శాంతంగా పుట్టినవీ లేకపోలేదు. స్పానిష్‌లో 'బొనాంజా' అంటే అలలు లేని సముద్రం. గని తవ్వేవాళ్ల నోట పడి అది తరగని ఖనిజమైంది, మన దగ్గరికొచ్చేసరికి పండగ డిస్కౌంటయింది. 'బంపర్' అంటే అంచుదాకా నింపిన పానపాత్ర.

నిజం కూడా అరిగిపోతుంది

భయం కాకపోతే నిజం. ఇంగ్లిషులో 'చాలా' అని చెప్పడానికి ఇదింకో దారి. 'వెరీ' అనేది పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. అక్కడ దానర్థం 'నిజమైన'. వాడి వాడి అందులోని నిజం అరిగిపోయింది. దాంతో 'రియల్లీ' వచ్చింది. ఇంగ్లాండులోని యార్క్ పట్టణవాసుల మాటలను రికా ఈటో, సాలీ టాగ్లియామాంటే అనే భాషావేత్తలు పరిశీలించి 2003లో ప్రచురించారు. పెద్దవాళ్లు 'వెరీ' వైపుంటే, పిల్లలు 'రియల్లీ' వైపున్నారు. టాగ్లియామాంటే, క్రిస్ రాబర్ట్స్ 2005లో 'ఫ్రెండ్స్' సీరియల్ సంభాషణలను ఇలాగే లెక్కపెడితే 'సో' ఆ రెండింటినీ దాటిపోయింది. 'లిటరల్లీ' గొడవ మరీ వింత. ఉన్నదున్నట్టు అని చెప్పాల్సిన ఆ మాటను, లేనిది పెంచి చెప్పడానికి వాడే అర్థం కూడా ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో చేరిందని 2013లో బయటపడి, ఇంగ్లిషు పత్రికలు గగ్గోలు పెట్టాయి. 'నిజంగా నిజం' అని మనం రెండుసార్లు ఎందుకంటాం మరి!

సినిమావాళ్లకు ఈ అరుగుదల బాగా తెలుసు. కృష్ణ సూపర్‌స్టార్. ఆ తర్వాత ఇంకో పెద్ద మాట కావాలి. 1988లో చిరంజీవి మెగాస్టార్ అయ్యారు, 'మరణ మృదంగం'తో. (ఆ పేరులోనూ మరణమే!)

ఏ ఊళ్లో పేలిందో చూసుకోవాలి

ఈ మాటలతో అసలు తంటా పొలిమేర దాటాక మొదలవుతుంది. లండన్‌లో ఫలానాది 'బాంబులా నడిచింది' అంటే ఘనవిజయం. న్యూయార్క్‌లో నాటకం 'బాంబ్ అయింది' అంటే అట్టర్ ఫ్లాప్. పని చూసి అమెరికా మేనేజరు 'క్వైట్ గుడ్' అంటే సంతోషించవచ్చు. అదే మాట బ్రిటిష్ మేనేజరు అంటే చాలాసార్లు 'ఏదో, పర్లేదు' అనే. ఈ తేడా తెలియని మన కుర్రాడు ఇంటికి ఫోన్ చేసి ప్రమోషన్ ఖాయమని చెప్పేస్తాడు! అటు అమెరికాలో పుట్టిన మనవడు కొత్త సైకిల్ చూసి 'సిక్' అంటాడు. అద్భుతమని వాడి ఉద్దేశం. వీడియో కాల్‌లో అమ్మమ్మ మాత్రం 'జ్వరమా నాన్నా?' అని కంగారుపడుతుంది.

ఇక ఇంట్లో సంగతి. గుత్తొంకాయ వండిన రోజున ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండానే 'సూపర్' అంటాడు. నిన్న ఉప్మాకీ అదే, మొన్న మాడిన దోసెకీ అదే. ఆవిడ ఆ మాట పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది. ఎదురుగా కూర్చున్న మామగారు ఎప్పటిలాగే ఏమీ మాట్లాడకుండా తింటున్నారు. చివర్లో కంచం కాస్త ముందుకు జరిపారు.

'ఇంకో వంకాయ వెయ్యమ్మా.'