రొయ్య వెళ్లిపోతుంది, ఉప్పు ఉండిపోతుంది

బాపట్ల తీరంలో ఇసుక నేలల రైతులకు దొరువు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఇసుకలో కొద్ది లోతు తవ్వితే ఊరే మంచినీటి గుంట అది. సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా ఆ నీళ్లు తియ్యగా ఉంటాయి. ఇంకిన వాననీరు తనకన్నా బరువైన ఉప్పునీటి మీద పొరగా తేలుతుంది కాబట్టి. సముద్ర మట్టానికి ఎగువన ఒక అడుగు మంచినీరు నిలిచిందంటే, దిగువన దాదాపు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుందని భూగర్భ జల సూత్రం. భయపెట్టేది కూడా ఆ లెక్కే. ఎడాపెడా తోడి పై మట్టాన్ని ఒక్క అడుగు తగ్గిస్తే, కాలక్రమంలో కింది ఉప్పునీరు 40 అడుగులు పైకి రాగలదు.

ఈ పలుచని పొర భవిష్యత్తు ఇప్పుడు విదేశీ బజార్లలో రొయ్యల ధరలతో ముడిపడి ఉంది.

ఈ ప్రాంతం పంట అమ్మి బాగుపడటం కొత్తేమీ కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణ నీళ్లు పశ్చిమ డెల్టాకు పారాయి. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ధాన్యం బకింగ్‌హామ్ కాలువ మీద పడవల్లో మద్రాసు దాకా వెళ్లింది. మిల్లులు, నాటకాలు, సినిమా హాళ్లతో తెనాలి ‘ఆంధ్రా ప్యారిస్’ అనిపించుకుంది వరి డబ్బుతోనే. అప్పటి అదృష్టం ఒకటుంది. వరిమడిలో నిలిచిన కాలువ నీరు నేలలోని ఉప్పును కిందికి కడిగేసేది. ఆదాయం పెరిగేకొద్దీ నేల కూడా బాగుపడింది.

రొయ్య అలా కాదు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య తీరాన్ని ఊపేసింది. 1994-95లో తెల్లమచ్చ తెగులు చెరువుల్ని తుడిచిపెట్టింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు పంట పొలాల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదంది. 2005లో ఈ సాగును నియంత్రించే కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామి రొయ్యకు అనుమతి దొరికింది. వనామి చాలా తక్కువ ఉప్పులోనూ పెరుగుతుంది. అందుకే చెరువులు తీరం దగ్గర ఆగకుండా వరి పొలాల మధ్యకు నడిచొచ్చాయి. 2023-24లో మన దేశం విదేశాలకు అమ్మిన 60 వేల కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తుల్లో 40 వేల కోట్లు గడ్డకట్టించిన రొయ్యలవే. సాగులో మన రాష్ట్రానిదే మొదటి స్థానం, కొనుగోళ్లలో అమెరికాది. 2025 ఆగస్టులో ఆ దేశం సుంకాన్ని 50 శాతానికి పెంచితే ఆ దెబ్బ మన చెరువు గట్ల మీద పడింది.

ధర మళ్లీ లేస్తుంది. నేల మాటేమిటి? నాలుగైదడుగుల లోతున నెలల తరబడి నిలిపిన ఉప్పునీరు గట్టు కింద నుంచి పక్క పొలంలోకి ఊరుతుంది. నేల లవణీయత మీటరుకు 3 డెసీసైమన్లు దాటాక, పెరిగే ప్రతి డెసీసైమన్‌కూ వరి దిగుబడి సుమారు 12 శాతం పడిపోతుంది. ఉప్పులోని సోడియం బంకమట్టి రేణువుల మీది కాల్షియాన్ని నెట్టేసి తను కూర్చుంటుంది. రేణువులు విడిపోయి సందులు పూడుకుపోతాయి, నీరు ఇంకదు. రైతులు చౌడు అనేది దీన్నే. జిప్సం వేసి మంచినీళ్లతో కడిగితే నేల కోలుకుంటుంది. కానీ కాలువ చివర, రేపల్లె శివారు భూములకు ఆ మంచినీళ్లే కరువు. ఎగువ పట్టణాలు పెరిగేకొద్దీ వాటి మురుగు కూడా పల్లానికే దిగుతుంది.

‘ముందు సంపద రానీయండి, పర్యావరణం తర్వాత బాగుపడుతుంది’ అనే వాదానికి 1991లో గ్రాస్‌మన్, క్రూగర్ అనే ఆర్థికవేత్తల పరిశోధన బలమిచ్చింది. నగరాల గాలిలో గంధకపు పొగ ఆదాయంతో పాటు కొంతదాకా పెరిగి, ఆపైన తగ్గుతుందని వారు గమనించారు. గాలి విషయంలో ఒప్పుకుంటాను. పొగగొట్టం మూస్తే కొద్ది రోజుల్లో గాలి తేటపడుతుంది. భూగర్భంలో చేరిన ఉప్పు పోవడానికి ఏళ్లు పడుతుంది. పైగా నగరంలో పొగ పీల్చేవాడే సంపాదిస్తాడు, ఓటూ వేస్తాడు, అధికారుల్ని నిలదీస్తాడు. ఇక్కడ రొయ్య తినేవాళ్లు సముద్రాలకు అవతల ఉన్నారు, లాభం పట్టణాల్లో ఇళ్ల స్థలాలుగా మారుతుంది, ఉప్పు మాత్రం పక్క పొలం కౌలు రైతుకు మిగులుతుంది. ఆదాయం ఎంత పెరిగినా ఆ రైతు గొంతు దానంతటదే పెరగదు.

రొయ్యల సాగు ఆపేయమని నేననను, దాని మీద బతికే కుటుంబాలు తక్కువేం కాదు. చేయగలిగినవి ఉన్నాయి. బాపట్ల శాస్త్రవేత్తలు దొరువునే మెరుగుపరిచారు. ఇసుకలో అడ్డంగా రంధ్రాల గొట్టాలు పరిచి, పై పొర నీటిని మాత్రమే నెమ్మదిగా బావిలోకి చేర్చి తోడే పద్ధతి అది. చెరువుల విషయంలో మొదట కావలసింది కొలత. విదేశాలకు వెళ్లే రొయ్యలో యాంటీబయాటిక్ అవశేషాలున్నాయేమోనని పరీక్షిస్తున్నారు. చెరువు పక్క బావిలో ఉప్పును కూడా పంటకు ముందూ తర్వాతా కొలవాలి. చేతిలో పట్టే చిన్న మీటరు చాలు. ఆ అంకెల్ని పంచాయతీ కార్యాలయం గోడ మీద రాయాలి, వచ్చే ఏడు చెరువుకు అనుమతి వాటిని చూశాకే ఇవ్వాలి.