జైపూర్ విద్యుత్ కేంద్రం నుండి గోదావరిఖని గనుల వరకు: ఉద్యోగి పనితీరును నిర్ణయించే అంశాలు

జైపూర్ (మంచిర్యాల జిల్లా): ప్రభుత్వ రంగ సంస్థల పనితీరుపై చర్చ వచ్చిన ప్రతిసారీ పెట్టుబడులు, యంత్రాలు, ధరల గురించి ప్రస్తావించడం పరిపాటి. అయితే ఆ యంత్రాలను నడిపే ఉద్యోగి ఏ పరిస్థితులలో ఉత్సాహంగా పనిచేస్తాడు, ఏ పరిస్థితులలో నిరుత్సాహానికి లోనవుతాడు అన్నది అంతకన్నా ముఖ్యమైన విషయం. శతాబ్దానికి పైబడిన చరిత్ర గల సింగరేణి కాలరీస్ కంపెనీ అనుభవం ఈ ప్రశ్నకు చాలావరకు సమాధానం ఇస్తుంది.

ఇల్లందు పరిసరాలలో 1871లో బొగ్గు నిక్షేపాలు వెలుగుచూడగా, 1889లో తవ్వకాలు ప్రారంభమయ్యాయి. 1920 డిసెంబరు 23న సంస్థ ప్రస్తుత పేరును స్వీకరించింది. ఇందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉంది. బొగ్గు తవ్వకానికే పరిమితమైన ఈ సంస్థ జైపూర్ మండలం పెగడపల్లి వద్ద 1,200 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని నిర్మించి విద్యుత్ రంగంలోనూ అడుగుపెట్టింది. 600 మెగావాట్ల చొప్పున రెండు యూనిట్లు గల ఈ కేంద్రాన్ని 2016 ఆగస్టు 7న ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ జాతికి అంకితం చేశారు.

విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి పనితీరు ఫలితం వెంటనే కనిపిస్తుంది. రెండు యూనిట్లు పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు 2 కోట్ల 88 లక్షల యూనిట్ల విద్యుత్తు ఉత్పత్తి అవుతుంది. విద్యుత్ నియంత్రణ నిబంధనల ప్రకారం కేంద్రం ఏడాదిలో 85 శాతం లభ్యతను సాధిస్తేనే స్థిర వ్యయం పూర్తిగా తిరిగి వస్తుంది. లభ్యత తగ్గిన మేరకు ఆదాయమూ తగ్గుతుంది. బాయిలర్ గొట్టంలో చిన్న లీకేజీని సకాలంలో గమనించకపోయినా, ఒక షిఫ్టు సిబ్బంది తాము చూసిన లోపాన్ని తదుపరి షిఫ్టుకు తెలియజేయకపోయినా యూనిట్ నిలిచిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఇక్కడ పనితీరు అంటే ఒక్కరి నైపుణ్యం మాత్రమే కాదు, మూడు షిఫ్టుల సమన్వయం కూడా.

పనితీరును ప్రభావితం చేసే అంశాలలో మొదటిది యాజమాన్యానికీ ఉద్యోగులకూ మధ్య నమ్మకం. 1990 దశకంలో లక్షకు పైగా ఉద్యోగులు గల సింగరేణి తరచు సమ్మెలతో, పేరుకుపోయిన నష్టాలతో రెండుసార్లు పారిశ్రామిక ఆర్థిక పునర్నిర్మాణ మండలి పరిధిలోకి వెళ్లింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఆర్థిక సహాయంతో పాటు సంస్థ నిజస్థితిని కార్మికులకు వివరించడానికి వివిధ విభాగాల అధికారుల బృందాలు గనుల వద్దకు వెళ్లాయి. 1998లో రహస్య బ్యాలెట్ ద్వారా గుర్తింపు కార్మిక సంఘం ఎన్నికలు మొదటిసారి జరిగాయి. ఎవరితో చర్చించాలో స్పష్టత ఏర్పడటంతో చిన్న వివాదానికి సైతం గని ఆగిపోయే పరిస్థితి క్రమంగా తగ్గింది. 2023 డిసెంబరు 27న కూడా ఈ ఎన్నికలు జరిగాయి.

రెండవది ఆర్థిక ప్రోత్సాహం. లాభాలలో కార్మికులకు వాటా ఇచ్చే విధానం 1990 దశకం చివర 10 శాతంతో మొదలై క్రమంగా పెరిగింది. 2022-23 సంవత్సరానికి 32 శాతం కింద 711 కోట్ల రూపాయలు, 2023-24కు 33 శాతం కింద 796 కోట్ల రూపాయలు ప్రకటించారు. హాజరుతో ముడిపడిన ఈ వాటా దసరా, దీపావళి పండుగల వేళ కార్మిక కుటుంబాలకు ఆసరాగా నిలుస్తోంది. అయితే లాభం బొగ్గు ధరపైనా, గిరాకీపైనా కూడా ఆధారపడి ఉంటుంది. కష్టపడినా లాభం తగ్గే సంవత్సరం ఉండవచ్చు. అందువల్ల సాలీనా లభించే వాటా, రోజువారీ పనికి లభించే గుర్తింపునకు ప్రత్యామ్నాయం కాజాలదు.

మూడవది హాజరు. సింగరేణి ప్రాంతంలో "మస్టరు" అన్న మాట తెలియని ఇల్లు లేదు. వార్షిక సెలవుకు అర్హత పొందడానికి ఉపరితల కార్మికునికి 240 రోజుల హాజరు అవసరం కాగా, భూగర్భ కార్మికునికి 190 రోజులు చాలునని 1952 నాటి గనుల చట్టం నిర్దేశించింది. భూగర్భంలోని వేడి, చీకటి, దుమ్ము శరీరంపై మోపే భారాన్ని చట్టమే అంగీకరించిందన్నమాట. గైర్హాజరు కారణంగా ఉద్యోగం కోల్పోయినవారి కుటుంబాలు పడే ఇబ్బందులు కోల్‌బెల్టుకు తెలియనివి కావు. అనారోగ్యం, మద్యపానం, అప్పులు, కుటుంబ కలహాలు వంటి మూల కారణాలను ముందుగా గుర్తించి కౌన్సెలింగ్ నిర్వహించడం ఛార్జిషీటు కన్నా మేలైన మార్గం.

నాలుగవది భద్రత. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకురావడంతో 17 మంది కార్మికులు మరణించారు. 2022 మార్చి 7న అడ్రియాల లాంగ్‌వాల్ ప్రాజెక్టులో పైకప్పు కూలి ముగ్గురు మరణించగా, వారిలో భద్రతా అధికారి కూడా ఉన్నారు. సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరగలనన్న విశ్వాసం లేనిచోట ఏ ప్రోత్సాహకమూ పనిచేయదు. ప్రమాదకర స్థలాన్ని చూపించి పని నిలిపివేయమన్న కార్మికుని మాటకు విలువ ఇవ్వడం ఉత్పత్తికి ఆటంకం కాదు, రక్షణ.

ఐదవది పని నిర్వహణ విధానం. బ్రిటన్‌లోని బొగ్గు గనులలో లాంగ్‌వాల్ పద్ధతి ప్రవేశించిన తరువాత వచ్చిన మార్పులను ట్రిస్ట్, బామ్‌ఫోర్త్ అనే పరిశోధకులు 1951లో వివరించారు. కొద్దిమంది కలిసి ఒక పనిని మొదటి నుండి చివరి వరకు చేసుకునే జట్లు విచ్ఛిన్నమై, ఒక్కొక్కరు ఒక్కో ముక్క పనికి పరిమితం కావడంతో బాధ్యతాభావం తగ్గి గైర్హాజరు పెరిగిందని వారు గుర్తించారు. కొత్త యంత్రాన్ని తెచ్చినపుడు దానిని నడిపే జట్టును కూడా కొత్తగా తీర్చిదిద్దాలన్నది ఆ అధ్యయనం నేర్పే పాఠం. జైపూర్ కంట్రోల్ రూముకు, రామగుండం లాంగ్‌వాల్ గనికి ఇది సమానంగా వర్తిస్తుంది.

ఆరవది న్యాయబద్ధత, ఎదుగుదల అవకాశం. ఒకే ఆవరణలో ఒకే రకమైన పని చేసే పర్మనెంటు, కాంట్రాక్టు కార్మికుల వేతనాల మధ్య వ్యత్యాసం అసంతృప్తికి దారితీస్తుంది. 2022 సెప్టెంబరులో కాంట్రాక్టు కార్మికులు వేతనాల పెంపు కోరుతూ సమ్మె చేశారు. 2023-24 లాభాల నుండి మొదటిసారిగా వారికి కూడా ఒక్కొక్కరికి 5,000 రూపాయలు ప్రకటించడం ఆ దిశలో ఒక అడుగు. మరోవైపు, కారుణ్య నియామకాల ద్వారా వచ్చినవారిలో డిగ్రీలు, ఇంజనీరింగ్ పట్టాలు గలవారు కూడా బదిలీ వర్కర్లుగా చేరుతున్నారు. వారి అర్హతకు తగిన శిక్షణ, అంతర్గత నియామకాలలో సకాలంలో అవకాశం కల్పిస్తే ఆ విద్య సంస్థకు ఆస్తి అవుతుంది. లేనిచో నిరాశగా మిగులుతుంది.

ఈ అంశాలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడినవే. నమ్మకం లేకపోతే ప్రోత్సాహకం అనుమానాలకు తావిస్తుంది, భద్రత లేకపోతే హాజరు తగ్గుతుంది, న్యాయం లేకపోతే జట్టు నిలవదు. 2023-24లో సుమారు 40 వేల మంది ఉద్యోగులతో, కాంట్రాక్టు కార్మికుల తోడ్పాటుతో సింగరేణి 70 మిలియన్ టన్నులకు పైగా బొగ్గును ఉత్పత్తి చేసింది. ఓపెన్‌కాస్టు గనులు, భారీ యంత్రాలు ఈ పెరుగుదలకు ప్రధాన కారణమైనప్పటికీ, ఉద్యోగుల సంఖ్య తగ్గిన కొద్దీ ఒక్కొక్కరి పనిపై ఆధారపడటం పెరుగుతుంది. రాష్ట్రంలోని ఇళ్లకు, పొలాలకు, పరిశ్రమలకు చేరే వెలుగులో గని కార్మికుని మస్టరు నుండి జైపూర్ కంట్రోల్ రూము ఉద్యోగి అప్రమత్తత వరకు అందరి పాత్ర ఉన్నది. ఆ పాత్రను గుర్తించి, తగిన పరిస్థితులు కల్పించినప్పుడే ప్రభుత్వ రంగ సంస్థ ప్రజల ఆస్తిగా కలకాలం నిలుస్తుంది.