క్యారవాన్‌లో వేసవి టూరా? బండి కంటే ముందు రాత్రి మకాం చూసుకోండి

మంచం, వంటగది, బాత్రూమ్, ఏసీ.. అన్నీ ఒకే బండిలో. పరీక్షలు అయిపోగానే పిల్లలతో క్యారవాన్‌లో తిరిగి రావాలని మీరూ అనుకుంటున్నారా? అచ్యుతాపురం నుంచి బయల్దేరితే పూడిమడక తీరం, కొండకర్ల ఆవ పక్కనే. లంబసింగి, అరకు ఒక్క పూట ప్రయాణం.

అయితే అమెరికాలోలా కరెంటు, నీళ్లు, మురుగు వదిలే ఏర్పాటున్న క్యాంప్‌గ్రౌండ్లు మన దగ్గర అడుగడుగునా ఉండవు. కేరళ 2021లో క్యారవాన్ పర్యాటక విధానం తెచ్చింది. మరుసటి ఏడాది వాగమన్‌లో తొలి క్యారవాన్ పార్కు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ఇలాంటి విధానాన్ని ఆమోదించింది. పార్కులు అన్నిచోట్లా వచ్చేదాకా ఎక్కడ ఆపాలో మీరే ముందుగా తేల్చుకోవాలి.

అద్దెకు తీసుకునే ముందు ఏం చూడాలి?

బండి నంబరును ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. వాహన తరగతి దగ్గర 'క్యాంపర్ వ్యాన్' అని ఉందా? ఫిట్‌నెస్, బీమా గడువు ఉన్నాయా? డ్రైవరుతో ఇచ్చే అద్దె బండికి పసుపు నంబరు ప్లేటు ఉండాలి. సొంత అవసరాలకు రిజిస్టర్ చేసిన తెల్ల ప్లేటు బండిని అద్దెకు తీసుకుంటే, ప్రమాదం జరిగినప్పుడు బీమా చిక్కుల్లో పడుతుంది.

సొంత వ్యాన్‌ను అనుమతి లేకుండా క్యారవాన్‌గా మార్చుకోవడమూ నేరమే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఏ ప్రకారం ఒక్కో మార్పునకు రూ.5 వేల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

మీరే నడుపుతారా? మొత్తం బరువు 7,500 కిలోలు మించని బండికి ఎల్‌ఎంవీ లైసెన్సు చాలు. అద్దె బండి అయినా ఇంతేనని సుప్రీంకోర్టు 2024 నవంబరులో స్పష్టం చేసింది.

రాత్రి ఎక్కడ ఆపాలి?

హైవే పక్కన, నిర్మానుష్య తీరంలో వద్దు. అరకు దారిలో టైడా, అనంతగిరిల్లోనూ, అరకులోనూ పర్యాటకాభివృద్ధి సంస్థ రిసార్టులున్నాయి. ముందే ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: బండి పట్టే చోటుందా, 15 ఆంప్స్ ప్లగ్ పాయింటు ఇస్తారా, నీళ్లు పట్టుకోవచ్చా? టాయిలెట్ ట్యాంకు ఎక్కడ ఖాళీ చేయాలో బండి యజమానిని అడగండి. చెరువులు, కాలువల్లో వదలొద్దు.

ఏసీ రాత్రంతా నడిపితే?

అసలు ప్రమాదం ఇక్కడే. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని నిపుణుల పరిశీలనలో తేలింది. ఈ వాయువుకు రంగు, వాసన ఉండవు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారంతో మొదలై నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

అందుకే జనరేటర్ గానీ, ఇంజిన్ గానీ నడుస్తుండగా లోపల నిద్రపోవద్దు. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉన్న బండినే తీసుకోండి. బయటి కరెంటు దొరికిన చోటే ఏసీ వేసుకోండి. మార్చిలో ఏసీ లేకుండా పడుకోవాలంటే తీరం కంటే కొండ ప్రాంతాలే నయం. వంట చేసేటప్పుడు కిటికీలు తెరవండి. బండి కదిలే ముందు గ్యాస్ రెగ్యులేటర్ ఆపేయండి.

ఎండ, అలలతో జాగ్రత్త

ఎండలో ఆపిన బండి నిమిషాల్లో కొలిమిలా మారుతుంది. పిల్లల్ని, పెద్దల్ని లోపల వదిలి వెళ్లొద్దు. ఏ మండలంలో వడగాలులు వీస్తాయో రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వేసవిలో ముందే ప్రకటిస్తుంది. చూసి బయల్దేరండి.

పూడిమడకలో అలలు చూడ్డానికి మామూలుగానే ఉంటాయి. కానీ 2022 జులైలో విహారానికి వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థులను అవే మింగేశాయి. ఒడ్డునే ఉండండి. బండిని ఇసుకలోకి దించొద్దు. ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరాల్లో గుడ్లు పెడతాయి. రాత్రిపూట తీరంవైపు లైట్లు వేయొద్దు.

ఈ నంబర్లు దగ్గర ఉంచుకోండి

అత్యవసర సాయానికి 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారిపై బండి ఆగిపోతే 1033. ఘాట్‌లో సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. ఆ రాత్రి ఎక్కడ ఆగుతున్నారో కొండ ఎక్కే ముందే ఇంట్లోవాళ్లకు చెప్పండి.